నడిపి పడవ

2006 జూన్ 12, సోమవారం

ఈ డైరీ జనవరిల ప్రసాద్‌కు ఎవరో ఇన్సూరెన్స్ ఏజెంటు ఇచ్చిండు. అప్పటి సంది బీరువ మీద పడి ఉన్నది. ఇయ్యాల దుమ్ము దులిపి తీసిన. మా ఆయనను ప్రసాద్ అని రాసుడు బాగున్నది. పెండ్లయి తొమ్మిదేండ్లు, నోటితోని ఎన్నడూ పేరు పెట్టి పిలువలే. ఇండ్ల రాస్తె ఎవ్వరు చూస్తరు.

కొలువు మొదలైంది. కనకమామిడిల ప్రభాకర్ సార్ తోట. సార్‌ది చేవెళ్లనే. ముప్పై ఏండ్లు వైజాగ్‌ల పడవల నక్షలు గీసి, రిటైరై వచ్చిన్రు. పట్నమోళ్లందరు ఇక్కడ జాగలు కొని ఈతకొలనులు కట్టుకుంటున్నరు. సార్ మాత్రం జామచెట్ల నడుమ అరవై మీటర్ల పొడుగు సిమెంటు తొట్టి కట్టిన్రు. తొట్టికి అటు ఇటు పట్టాలు, పట్టాల మీద మోటరుతోని ఉరికే ట్రాలీ. ట్రాలీకి చిన్న పడవ నమూన కట్టి నీళ్లల్ల లాగుతరు. ఎంత బలం పట్టిందో మీటరు చెప్తది. అది నేను రాసుకొని కంప్యూటర్‌ల ఎక్కియ్యాలె. లెక్కలు, టైపింగు వస్తె చాలన్నరు. నా బీకాం ఇన్నేండ్లకు అక్కరకొచ్చింది.

సెల్‌ఫోన్లు వచ్చినంక మొయినాబాద్‌ల మా ఎస్టీడీ బూతుకు ఈగలు తప్ప ఎవ్వరు వస్తలేకుండె. ఏప్రిల్‌ల మూసినం. ఇంట్ల ఉత్తగ కూసుంటె మనసు ఎటెటో పోతది. కొలువు మంచిది.

జూన్ 14

సార్ పడవల సంగతి చెప్పిన్రు. ఒక జాతి పడవ నీళ్లను తోసుకుంట పోతది, బర్రె ఈదినట్టు. నిదానం, గాని డీజిల్ తక్కువ తాగుతది. ఇంకో జాతి నీళ్ల మీద ఎగురుకుంట పోతది, కుంటల ఇసిరిన పెంక లెక్క. జోరు మస్తుంటది, అండ్ల కూసున్నోళ్ల నడుములు ఉండయి. మనం చూసేది ఈ రెండింటికి నడుమది. సెమీ డిస్‌ప్లేస్‌మెంట్ అంటరట.

"బాతు ఎగరబోయే ముందు రెక్కలు కొట్టుకుంట నీళ్ల మీద ఉరుకుతది చూడు. ఇంకా లేవలే, అట్లని ఈదుతనూ లేదు. గదే మన పడవ" అన్నరు.

గోదావరి సముద్రంల కలిసే కాడ దీవులున్నయట. అక్కడి మిషన్ దవాఖానోళ్లకు పన్నెండు మీటర్ల పడవ కావాలె. దీవుల నుంచి పేషెంట్లను తెచ్చేటందుకు. సార్ మూడు రకాల అడుగుభాగంతోని మూడు నక్షలు గీసిన్రు. అలలల్ల ఎట్ల ఉంటది, చెప్పినట్టు తిరుగుతదా, డీజిల్ ఎంత తాగుతది, ఈ మూడు చూసి అక్టోబర్ల దవాఖాన కమిటీ ఒకటి ఎంచుకుంటది.

ఎక్కువ కాన్పు కేసులే ఉంటయన్నరు సార్. అప్పుడే నా పెన్నుల సిరా అయిపోయింది. వేరే పెన్ను తీసుకున్న.

జూన్ 20

నమూనలు చేసేది చేవెళ్ల ఎల్లేశన్న. తలుపులు, దర్వాజలు చేసే వడ్ల ఆయన. ఇప్పుడు అందరు పట్నం నుంచి రెడీమేడ్ తలుపులు తెచ్చుకుంటున్నరని, సార్ పిలువంగనే వచ్చిండు. పెద్ద పడవకు ఎనిమిదో వంతు, మీటరున్నర పొడుగు. మూడు ఒక్కటే పొడుగు, అడుగు మాత్రం వేరు. మొదటిదానికి కుండ లెక్క గుండ్రటి అడుగు. మూడోదానికి కత్తి పెట్టి కోసినట్టు పదునైన అంచులు. రెండోది ముందట గుండ్రంగ, వెనుకకు పోంగ పోంగ అంచు తేలి ఉన్నది.

సార్ వాటికి ఏ, బీ, సీ అని పెట్టిన్రు. ఎల్లేశన్న పెద్దది, నడిపిది, చిన్నది అంటడు, ఆడపిల్లల్ని చెప్పినట్టు. నాలుగు దినాలల్ల సార్ గూడ అట్లనే అంటున్నరు.

జూన్ 27

పడవ జోరును నాట్లల్ల లెక్కపెడుతరు. పద్నాలుగు నాట్లు రాసుకో అని సార్ అంటె, ఎవరి పొలంల అని అడిగిన. మాకు నాట్లు అంటె వరినాట్లే. సార్ గంట సేపు నవ్విన్రు. నేను గూడ నవ్విన. ఇట్ల నవ్వి ఎన్ని దినాలైందో.

జూలై 8

పొద్దుగాల వాంతులు. నిన్నటి చేపల పులుసు పడలేదు.

జూలై 11

చేపల పులుసు ఇంకా పోలేదు.

జూలై 15, శనివారం

అలలు లేని నీళ్లల్ల పరుగులు అయిపోయినయి. నూట పన్నెండు పరుగులు రాసిన, ఒక్క కొట్టివేత లేదు. సార్ మెచ్చుకున్నరు.

పది నాట్ల కాడ పెద్దది గంటకు ఇరవై ఒక లీటర్లే తాగుతది, నడిపిది ఇరవై నాలుగు, చిన్నది ముప్పై. పద్నాలుగుకు వచ్చేసరికి పెద్దదాని సంగతి చెడుతది. వెనుక కూలబడి, ముక్కు మీదికెత్తి, గుట్ట ఎక్కుతున్నట్టు ఆయాసపడుతది, అరవై తాగుతది. నడిపిది నలభై ఆరు, చిన్నది నలభై తొమ్మిది. పద్దెనిమిది కాడ చిన్నది డెబ్బై, నడిపిది ఎనభై. పెద్దది ఆ జోరుకు రానే రాదు.

దవాఖాన పెద్ద డాక్టర్ సాముయేలు గారు ఫోన్ చేసిన్రు. మాదాపూర్‌ల ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుల గూడ లెక్క కట్టించిన్రట, అండ్ల గూడ చిన్నదే మంచిదని వచ్చిందట. అలలల్ల చూసినంక మాట్లాడుదాం అన్నరు సార్.

చిన్నది చూడముచ్చటగ ఉంటది. గాని నాకు నడిపిదాని మీద పావురం, మనసు దాని దిక్కే పోతది. నడిపోళ్లను ఎవ్వరు పట్టించుకోరు. నేను గూడ మా ఇంట్ల నడిపిదాన్నే.

జూలై 24

ప్రసాద్‌కు కంపెనీ రాత్రి డ్యూటీ తీసేసి పగటి డ్యూటీ ఇచ్చిందట. సాఫ్ట్‌వేర్ పిల్లల్ని హైటెక్ సిటీకి తీసుకపోయే సుమో ఆయనది. ఇగ నన్ను కనకమామిడిల దింపి పోతడు. ఎంత నిదానంగ నడుపుతడంటె, సైకిల్ మీది పాలాయన మమ్మల్ని దాటి పోయిండు. ఎందుకు గింత నిదానం అంటె, కొత్త టైర్లు, జర అలవాటు కావాలె అన్నడు. టైర్లకు అలవాటేందో.

అత్తమ్మ నీళ్ల బిందెలు తానే మోస్తున్నది. ఎక్సర్‌సైజు కావాలని డాక్టర్ చెప్పిండంట. అరవై రెండేండ్ల మనిషికి బిందెలు మోసే ఎక్సర్‌సైజు ఏ డాక్టర్ చెప్పిండో.

జూలై 30, ఆదివారం

చర్చిల కండ్లు మూసుకున్న గాని ఏమడగలే. అడిగినందుకే రెండుసార్లు ఇచ్చి తీసుకున్నడు. ఈసారి నేను ఏమడగను. అడగకుంటె తీసుకునేటందుకు ఏముంటది.

ఏమీ లేదు గూడ. ఎండలకు నెల తప్పుతది, చానమందికి అట్లనే అయితది.

ఆగస్టు 2

ఎల్లేశన్న ట్రాలీ మీద నాకు ఒక పీట చేసి పెట్టిండు. వెనుకకు ఆనుకునేటట్టు పలుక, కింద మందపు స్పాంజి. నమూనలల్ల మిగిలిన కట్టె, పారేసుడెందుకని చేసిన అన్నడు. చాన మంచిగున్నది.

ఆగస్టు 12, శనివారం

ఇయ్యాల సురంగల్ కుంట కాడికి పోయినం. తొట్టి ఇరుకు, అండ్ల పడవను తిప్పరాదు. చెప్పినట్టు తిరుగుతదా లేదా చూడాలంటె తావు కావాలె. వానలకు కుంట నిండి ఉన్నది. ఎల్లేశన్న మూడింటిల బ్యాటరీ మోటర్లు పెట్టిండు, రిమోటుతోని నడుపుతడు. గట్టు మీద జీపు చూడంగనే ఊరు సగం దిగింది. భూమి కొలిచేటోళ్లు అనుకున్నరట. పడవలని తెలిసినంక ఇంకింతమంది వచ్చిన్రు.

చిన్నది గిర్రున తిరిగింది, మేకపిల్ల తీరు. నడిపిది జర వెడల్పుగ తిరుగుతది, గాని ఒక గీత పట్టిస్తె ఆ గీత వదలదు. ఎల్లేశన్న రిమోటు కింద పెట్టి బీడీ ముట్టిచ్చుకున్నా సక్కగ పోయింది. వెనుక అల వస్తె ఎట్లుంటదో చూడాలని సార్ అన్నరు. కుంటల అల యాడికెళ్లి వస్తది అని అనుకుంటుండంగనే అంతమ్మ అనే ముసలామె బర్లు వచ్చినయి. పదకొండు బర్లు ఒక్కసారి నీళ్లల్ల దిగినయి. ఆ అల పోయి పెద్దదాని వెనుక తగిలింది. అంతే, పెద్దది నడుము తిప్పుకున్నట్టు అడ్డం తిరిగి, సక్కగ పోయి ఒక బర్రె పొట్టకు గుద్దుకున్నది. బర్రె తల తిప్పి చూసింది, ఇంకేమనలే.

సార్ ఎంత సీరియస్‌గ "వెనుక అలకు పెద్దది అడ్డం తిరుగుతది, రాసుకో" అన్నరో, నాకు నవ్వు ఆగలే. అంతమ్మ గూడ నవ్వింది, మా బర్లకు గూడ జీతం ఇయ్యిండ్రి సార్ అన్నది. పొట్ట పట్టుకొని నవ్విన. పొట్ట పట్టుకున్న అని అప్పుడు తెలిసింది. చెయ్యి తీసేసిన.

ఆగస్టు 13

ఏమైతలేదు. మంచిగనే ఉన్న.

సెప్టెంబర్ 4

తొట్టి చివర్ల పెద్ద చెక్క పలుక ముందుకు వెనుకకు ఊగుతది, దాంతోని అలలు పుడుతయి. జానెడుకు జర తక్కువ అల, అంటె సముద్రంల మీటరు పైన. చిన్నది ఎదురు అల మీద ఎక్కి దబ్బున పడుతది. ప్రతి అలకు దబ్ దబ్ అని చప్పుడు. నడిపిది ముక్కు మెత్తగ దింపుతది. పెద్దది ఇంకా మెత్తగుంటది, గాని పక్కలకు ఊగుతది.

కుదుపు కొలిచే చిన్న డబ్బ ఉన్నది, అగ్గిపెట్టెంత. సార్ దాన్ని పడవ నట్టనడుమ అతికిచ్చిన్రు. చిన్నదాని కుదుపు ఎక్కువే, గాని ఓర్చుకునేటంతనే అన్నరు. డాక్టర్ గారు ఫోన్‌ల సంతోషపడ్డరు.

సెప్టెంబర్ 6

నక్ష చూసిన. పేషెంటు మంచం పడవ ముందటి అర్రల ఉన్నది. వెనుక ఇంజన్ చప్పుడు ఉంటదని ముందట పెట్టిన్రు. మంచం ముందటుంటె కుదుపు నడుమ కొలుచుడు ఏంది?

సార్ బువ్వ తిననీకి పోంగనే ఎల్లేశన్నకు చెప్పి డబ్బను మంచం జాగల అతికిపిచ్చిన. మూడింటిని నడిపినం. చిన్నదాంట్ల కుదుపు రెండున్నర రెట్లు. నడిపిదాంట్ల గూడ దగ్గర దగ్గర రెండు రెట్లు. మళ్ల డబ్బను నడుమకన్న ఒక మూర వెనుకకు జరిపినం. అక్కడ అన్నింటికన్న తక్కువ. నడిపిదాంట్ల అయితె మీటరు ముల్లు లేవలేకపోయింది.

ఎల్లేశన్న అన్నడు, బస్సుల డ్రైవర్ వెనుక, నడిమి సీట్లల్ల కూసున్నోడు నిద్రపోతడు, ఆఖరి సీటోడు టాపుకు తల గుద్దుకుంటడు, పడవకు ముందట ఆఖరి సీటన్నట్టు. అంతేనన్న. గంత సింపులే.

రేపు సార్‌కు చెప్పాలె.

సెప్టెంబర్ 7, గురువారం

చెప్పిన. సార్‌కు కోపం వచ్చింది. అడగకుండ నడిపినందుకు కాదు. మంచం వెనుకకు జరిపితె ఇంజన్ పక్కన పడుతది, చప్పుడు, వేడి, డీజిల్ వాసన. నక్ష మొత్తం మల్ల గీయాలె, కమిటీకి ఐదు వారాలే ఉన్నది. ముప్పై ఏండ్లల్ల ఏ పేషెంటు గూడ కుదుపుకు చచ్చిపోలే అన్నరు.

నేను పోయి నా పీట మీద కూసుందామనే అనుకున్న. నోరు వేరే మాట అన్నది.

"సార్, రెండువేల నాలుగుల నాకు ఐదు నెలలు నిండి పది దినాలు. జర నొప్పి లేస్తె ఆటోల మెహిదీపట్నం దవాఖానకు తీసుకపోతున్నరు. కేబుళ్లకు రోడ్డంత తవ్విపెట్టిన్రు. ఆటో ఎనుక సీటు చక్రాల మీదనే ఉంటది గద. ఒక్కొక్క గుంతకు నేను లెక్కపెట్టిన. నలభై ఒకటి దాకా లెక్కపెట్టిన. ఆ తర్వాత లెక్క అవసరం లేకపోయింది. చప్పుడుకు, వాసనకు ఓర్చుకుంటరు సార్ ఆడోళ్లు. మంచం జరుపుండ్రి."

కుదుపుకే అట్లయిందని డాక్టర్లు చెప్పలే. కాదని గూడ చెప్పలే. ఆ సంగతి గూడ సార్‌కు చెప్పిన, అబద్ధం ఆడొద్దని.

సార్ లేచి జామచెట్లల్లకు పోయిన్రు. ఎల్లేశన్న కట్టె నున్నగ చేసే రందా పడుతనే ఉన్నడు, గాని రందా కింద కట్టె లేదు. చానసేపటికి సార్ వచ్చి నక్ష నా ముందట పరిచి పెన్సిల్ నా చేతికిచ్చిన్రు.

"ఎక్కడ పెట్టమంటవో గీయి కృపా" అన్నరు.

గీసిన. గీత వంకర పోయింది. సార్ ఆ వంకర గీతనే పట్టుకొని కొలతలేసుకున్నరు.

ఇప్పుడు ఇంటికొచ్చి రాస్తున్న. రాయని మాట ఒకటి ఉన్నది. నాకు నాలుగో నెల. రాసిన. రాస్తె ఏమైతది, ఏమీ కాలే. ఫ్యాను తిరుగుతనే ఉన్నది.

సెప్టెంబర్ 8

ప్రసాద్‌కు చెప్పిన. సుమోల, మొయినాబాద్ చౌరస్తా కాడ. నాలుగు దినాల సంది పదాలు కూర్చుకున్న, అన్నీ మరిచిపోయి, నాకు నాలుగో నెల అన్న. బండి పక్కకు ఆపి, నాకు ఎరుకనే అన్నడు. జూలైల ఎరుకైందట. డ్యూటీ కంపెనీ మార్చలే, తానే బతిమిలాడి మార్పిచ్చుకున్నడు. టైర్లు గూడ కొత్తయి కావు.

"నువ్వు చెప్తలేవు గద. నేను అడిగితె నీ గుండెల ఏమైతదోనని అడగలే. నెలన్నర సంది బండిల సక్కగ ఊపిరి తీసుకోలే" అన్నడు.

ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పబోయిన. అత్తమ్మ చింతపండు పిసుక్కుంటనే, నీకు చేపల పులుసు పడలేదన్న దినమే నాకు తెలుసు బిడ్డ, ఆ దినం మనింట్ల చేపలే వండలే అన్నది.

చేపలే వండలేదట. నేను డైరీల గూడ చేపలే రాసుకున్న.

పగలు తోటల పీట సంగతి యాదికొచ్చి ఎల్లేశన్నను గూడ అడిగిన, నీకు ఎవరు చెప్పిన్రని. ఎవరు చెప్పలే, మా ఇంటామె నలుగురిని కన్నది, నడక చూస్తె తెల్వదా, ఉత్తగనే స్పాంజి పీట చేస్తన అన్నడు. అంటె ఈ లోకంల తెల్వనోళ్లు నేను, సార్, ఇద్దరమే. సార్‌కు ఎల్లేశన్న నిన్న సాయంత్రం చెప్పిండట.

ఇంత మంది నోళ్లు మూసుకొని నా చుట్టు తిరిగిన్రు. ఏడ్చిన. మంచిగనే ఏడ్చిన.

సెప్టెంబర్ 22

సార్ పదిహేను దినాలు కూసొని నక్ష మల్ల గీసిన్రు. ఇంజన్‌ను ఇంకింత వెనుకకు జరిపిన్రు. ఇంజన్‌కు మంచానికి నడుమ రెండు పొరల గోడ, పొరల మధ్యల ఎల్లేశన్న కొబ్బరిపీచు కూరి చూసిండు. చప్పుడు సగానికి సగం తగ్గింది. బరువు వెనుకకు పోయిందని నమూనల బరువులు జరిపి పరుగులన్నీ మల్ల మొదటి నుంచి. ఒక్కనాడు గూడ విసుగు రాలే.

అక్టోబర్ 14, శనివారం

కమిటీ వచ్చింది. కమిటీ అంటె ఏమో అనుకున్న, ఇద్దరే. డాక్టర్ సాముయేలు గారు, ఇంకా దీవులల్ల ఇరవై ఏండ్ల సంది కాన్పులు చేసే నర్సు రుక్మిణమ్మ గారు.

డాక్టర్ గారు మనసుల చిన్నదాన్ని ఖాయం చేసుకొనే వచ్చిన్రు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు నిమిషాలే ముఖ్యం, పద్దెనిమిది నాట్లు పోయే పడవను వదిలి నిదానం పడవ ఎందుకు అన్నరు. న్యాయమైన మాటనే. లెక్క చెప్పుమని సార్ నన్ను నిలబెట్టిన్రు.

దీవి నుంచి దవాఖానకు ఇరవై ఒక మైళ్లు, సముద్రపు మైళ్లు. నీళ్లు నిలకడగ ఉంటె చిన్నదే గెలుస్తది, అండ్ల అనుమానం లేదని మొదలే చెప్పిన. మీటరు అల వస్తె అన్నీ డీజిల్ ఎక్కువ తాగుతయి, చిన్నదాన్నయితె పది నాట్లకు దింపాలె, లేకుంటె మంచం మీద మనిషి నిలువదు. రెండు గంటల ఆరు నిమిషాలు, ఎనభై లీటర్లు. అదే అలల నడిపిది పదమూడు మీద పోతది. గంట ముప్పై ఏడు నిమిషాలు, ఎనభై ఒక లీటర్లు. ఒక్క లీటరుకు అరగంట ముందు వస్తరు. పెద్దది ఇంకా తక్కువ తాగుతది, గాని వెనుక అలకు అడ్డం తిరుగుతది, సురంగల్‌ల చూసినం. బర్రె సంగతి చెప్పలే.

డాక్టర్ గారు చిన్నదాన్ని, నడిపిదాన్ని అదే అలల నడిపిపిచ్చుకొని చూసిన్రు. దబ్ అన్నప్పుడల్ల వేలు మడిచిన్రు. వేళ్లు అయిపోయినయి. నేను ఇన్ని దినాలూ ఒడ్డు మీద నిలబడి ఆలోచించాను అన్నరు.

ఎల్లేశన్న నేల మీద సుద్దతోని పడవ లోపలి అర్ర అసలు కొలతల గీసి పెట్టిండు. రుక్మిణమ్మ గారు చెప్పులు విడిచి ఆ గీతలల్లకు పోయి, మంచం పక్కన మోకాళ్ల మీద కూసొని రెండు చేతులు చాపి చూసుకున్నది.

"ఈ మంచాన్ని గోడకి ఆనించి పెట్టకండి. నాకు రెండు పక్కలా చోటు కావాలి. కాన్పుకి ఏ పక్క నుంచి చెయ్యి పెట్టాలో ముందే తెలీదు కదండీ" అన్నది.

ఎల్లేశన్న సుద్ద ముక్క తీసుకొని అప్పుడే మంచం జరిపిండు. సార్ కొలత రాసుకున్నరు. ముప్పై ఏండ్లు నక్షలు గీసిన పెద్దమనిషి నెలన్నరల రెండుసార్లు ఇద్దరు ఆడోళ్ల మాట విని మంచం జరిపిండు. ఇది మామూలు సంగతి కాదు.

నడిపిదే ఖాయమైంది. పోయేటప్పుడు రుక్మిణమ్మ గారు నా పొట్ట మీద చెయ్యి పెట్టి, తల పైకి ఉంది, ఇంకా తిరుగుద్ది, తొందరేం లేదు అన్నది.

నవంబర్ 4

దాటింది. ఐదు నెలలు, ఆ మీద పది దినాలు. ఇయ్యాల పదకొండో దినం.

నవంబర్ 5, ఆదివారం

చర్చిల అడిగిన. ఉన్నదంతా అడిగిన, సిగ్గు లేకుండ.

2007 మార్చి 3, శనివారం

ఆడపిల్ల. చేవెళ్ల దవాఖాన. రెండు కిలోల ఎనిమిది వందలు.

మార్చి 10

డైరీ ఎప్పుడో అయిపోయింది, వెనుక టెలిఫోన్ నెంబర్ల పేజీలల్ల రాస్తున్న. మా మామయ్య దయానందం పేరు మీద దయ అని పెట్టినం. ఆయన ఉంటె మస్తు సంబరపడుతుండె.

ప్రసాద్ సుమోల మమ్మల్ని ఇంటికి తెస్తె వెనుక ముప్పై బండ్లు హారన్లు కొట్టినయి. ఎవ్వరికీ తోవ ఇయ్యలే. అత్తమ్మ కిటికీల నుంచి చెయ్యి బయట పెట్టి అందరికి నిదానం, నిదానం అని చెప్పుకుంట వచ్చింది.

సార్, ఎల్లేశన్న వచ్చిన్రు. ఎల్లేశన్న ఊయల తేలే. నేను తెస్తడనుకున్న. దర్వాజ పట్టుకొని నిలబడి, ఊయల ఊగుతది, ఊగుడు నాకిప్పుడు సహిస్తలేదు, మంచం చేస్త అన్నడు.

2008 జనవరి 21, సోమవారం

పది నెలలైంది రాసి. దయ రాయనిస్తలేదు, పెన్ను కనిపిస్తె తినాలనుకుంటది.

పడవ డిసెంబర్ల నీళ్లల్ల దిగింది. నేను మల్ల కొలువుకు పోతున్న, దయను ఎత్తుకొని. తొట్టి కాడ ఇప్పుడు వేరే పడవల పని నడుస్తున్నది. అయినా ప్రతి సోమవారం రుక్మిణమ్మ గారు ఫోన్ చేసి వారం లెక్కలు చెప్తరు. ఏ దినం అల ఎంతున్నది, ఎన్ని నాట్ల మీద పోయిన్రు, డీజిల్ ఎంత, ఎంతమంది ఎక్కిన్రు, ఎంతమంది దిగిన్రు. ఏడాది లెక్క చూస్తె గాని పడవ మంచిదో కాదో చెప్పరాదని సార్ అంటరు. నేను కంప్యూటర్‌ల ఎక్కిస్త. తప్పులు పోవద్దని నేనే ఒక ఏర్పాటు చేసిన. ఎక్కినోళ్లు, దిగినోళ్లు సమానం కాకుంటె ఆ గడి ఎర్రగైతది.

ఇయ్యాల ఫోన్ వచ్చింది. రుక్మిణమ్మ గారు ఎప్పటి లెక్కనే గడగడ చదువుకుంట పోయిన్రు. శనివారం పంతొమ్మిదో తారీఖు. అల మీటరు మీద జానెడు. పన్నెండున్నర నాట్లు. డెబ్బై తొమ్మిది లీటర్లు. ఎక్కినవారు నలుగురు, దిగినవారు ఐదుగురు.

గడి ఎర్రగైంది. రుక్మిణమ్మ గారు, ఒక అంకె తప్పు పోయింది, నలుగురు ఎక్కితె ఐదుగురు ఎట్ల దిగుతరు అన్న.

అటు దిక్కు ఆమె నవ్వింది.

"తప్పేం పోలేదమ్మా. నేను చెప్పినట్టే రాసుకోండి" అన్నది.

దీవిల ఎక్కినప్పుడు ఇంకా టైమున్నది అనుకున్నరట. సగం తోవ దాటినంక నొప్పులు ఎక్కువైనయి. పడవ నడిపే ఆయన ఆపమంటరా అని అడిగిండట, ఆపొద్దు, ఇట్లనే పోనియ్యి అన్నదట ఈమె. ఒడ్డు ఇంకా ఇరవై నిమిషాలుందనంగ మొగపిల్లగాడు. రెండు కిలోల తొమ్మిది వందలు. మొదటి కాన్పు. ఈమె రెండు దిక్కులా తిరిగి చేసింది. తల్లి ఒడ్డుకొచ్చినంక చాయ్ అడిగిందట, చక్కెర ఎక్కువెయ్యిమన్నదట.

నేను ఫోన్ సార్‌కు ఇచ్చిన. సార్ అడిగిన మొదటి మాట, పిల్లగాడు పుట్టినప్పుడు పడవ ఎన్ని నాట్ల మీద ఉన్నది? పన్నెండున్నర, తగ్గించలేదండి అన్నది ఆమె. తగ్గించలేదా అని అడిగిన్రు. తగ్గించలేదు. నిజంగ తగ్గించలేదా అని మల్ల అడిగిన్రు. ఎల్లేశన్న పక్కకెళ్లి దయను ఎత్తుకొని, తొట్టి పొడుగూత అటు కొస నుంచి ఇటు కొస దాకా నడిచిండు, మల్ల పోయిండు, మల్ల వచ్చిండు.

సాయంత్రం కంప్యూటర్ బంద్ చేసేటప్పుడు, ఆ ఎర్ర గడిని సరిచెయ్యాల్నా, ఏమన్న రిమార్కు రాయాల్నా అని సార్‌ను అడిగిన. సార్ వచ్చి నా వెనుక నిలబడి ఆ గడిని చూసిన్రు. ఏం రాయొద్దు, ఎర్రగనే ఉండనియ్యి అన్నరు.